గొర్రె పాలలో హార్మోన్ పాత్ర: తప్పుగా చెప్పుకున్న కథ

పాల ఉత్పత్తిలో హార్మోన్ల చరిత్ర రాసినవారు దాదాపు అందరూ ఒకే బాటన నడిచారు. 1928లో స్ట్రికర్, గ్రూటర్ అనే ఇద్దరు పిట్యూటరీ గ్రంథి సారంతో కుందేళ్లకు పాలు పడేలా చేశారు. 1937లో సోవియట్ పరిశోధకులు అలాంటి సారాన్నే ఆవులకు ఎక్కించారు. 1980ల్లో ఆ గ్రంథిలోని పెరుగుదల హార్మోన్‌ను బ్యాక్టీరియా చేత తయారు చేయించడం సాధ్యమైంది. 1993 నవంబరులో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది, 1999లో కెనడా కాదంది, 2000 నుంచి ఐరోపా శాశ్వతంగా నిషేధించింది. ఆవు వరకు ఈ కథ సరైనదే. దీన్నే తెచ్చి గొర్రెకు అతికించడంతోనే చిక్కంతా వచ్చిపడింది.

పాడి గొర్రెల మీద కూడా ఆ హార్మోన్‌ను పరీక్షించారు. స్పెయిన్, ఇటలీలలో జరిగిన ప్రయోగాల్లో పాలు పెరిగిన మాట నిజం. అయితే అమెరికాలో అమ్మిన మందుకు అనుమతి ఉన్నది పాడి ఆవులకు మాత్రమే, గొర్రెకు కాదు. పైగా పాడి గొర్రెల దేశాల్లో గొర్రె పాలు తాగడానికి పోయేది తక్కువ, చీజ్‌కు పోయేదే ఎక్కువ. అక్కడ లీటరు లెక్క ఎవరికీ పెద్దగా పట్టదు. ఆ లీటరులో వెన్న ఎంత, కేసీన్ ఎంత, రెనెట్ వేశాక పాలు ఎంత గట్టిగా కట్టుకుంటాయి అన్నవే ధరను నిలబెట్టేవీ పడగొట్టేవీ. గొర్రె పాలలో వెన్న ఏడు శాతం దాకా, ప్రోటీన్ అయిదు శాతం పైన ఉంటాయి. అందువల్ల గొర్రె విషయంలో అడగాల్సిన ప్రశ్న వేరు: ఏ హార్మోన్, ఎప్పుడు ఇచ్చారు, ఇస్తే పాల చిక్కదనం ఏమైంది?

దీనికి జవాబు దక్షిణ ఫ్రాన్సులోని రోక్‌ఫోర్ ప్రాంతంలో దొరుకుతుంది. 1925లోనే చట్టరీత్యా పేరు రక్షణ పొందిన ఆ చీజ్‌కు లకోన్ జాతి గొర్రె పచ్చి పాలే వాడాలి. 1960 ప్రాంతంలో ఒక లకోన్ గొర్రె ఒక ఈతలో ఇచ్చే పాలు వంద లీటర్లకు లోపే. శతాబ్దం ముగిసేసరికి అది రెండువందల యాభై దాటింది. ఇంత పెరుగుదల చూసినవారికి ‘హార్మోన్లు వాడి ఉంటారు’ అన్న అనుమానం రావడం సహజం. వాడారు కూడా. కానీ ఆ హార్మోన్‌ను పాల కోసం ఇవ్వలేదు, ఎదకు తేవడానికి ఇచ్చారు. ఈ తేడాను గమనించని వ్యాసాలే నాకు ఎక్కువగా కనిపించాయి.

అసలు కథ ఆస్ట్రేలియాలో మొదలైంది. సిడ్నీ విశ్వవిద్యాలయంలో టి.జె. రాబిన్సన్ 1960ల నడుమ చిన్న స్పాంజి ముక్కను ప్రొజెస్టరాన్ వంటి కృత్రిమ హార్మోన్‌తో తడిపి గొర్రె యోనిలో ఉంచే పద్ధతిని రూపొందించాడు. స్పాంజి లోపల ఉన్నన్ని రోజులు గొర్రె ఎదకు రాదు. తీసేశాక గొర్రెల మంద మొత్తం ఒక్కసారిగా ఎదకు వస్తుంది. ఫ్రెంచివాళ్లు దీనికి మరో మెట్టు చేర్చారు. రెండు వారాల తర్వాత స్పాంజి తీసే వేళ చూడి గుర్రం రక్తం నుంచి తీసిన హార్మోన్‌ను సూది ద్వారా ఇచ్చారు. ఆ హార్మోన్‌ను 1930లోనే కాలిఫోర్నియాలో కోల్, హార్ట్ గుర్తించారు. స్పాంజి తీసిన సుమారు 55 గంటలకు కృత్రిమ గర్భధారణ చేస్తారు.

గంటల లెక్క ఎందుకంటే, పొట్టేలు వీర్యం ఆబోతు వీర్యంలా గడ్డకట్టించి దాచుకుంటే సరిగా పనిచేయదు. గొర్రె గర్భాశయ ముఖం వంకర టింకరగా ఉండి పరికరాన్ని లోపలికి పోనివ్వదు. కాబట్టి తాజా వీర్యాన్ని కొద్ది గంటల్లో వాడేయాలి. అలా వాడాలంటే వందల గొర్రెలు ఒకే పూట సిద్ధంగా ఉండాలి. పైగా డిసెంబరు నాటికి పాలు చీజ్ కేంద్రాలకు చేరాలంటే జూన్, జూలైల్లోనే గొర్రెలు చూడి కట్టాలి. అయిదు నెలల చూడి, ఆపైన పిల్లకు ఒక నెల పాలు. ఫ్రాన్సు వంటి చల్లని దేశాల్లో గొర్రెలు పగలు కురచయ్యే కాలంలోనే బాగా ఎదకొస్తాయి. నడివేసవిలో ఎదకు రప్పించాలంటే మందు కావలసిందే.

ఇక్కడ తారీఖులు చూడండి. స్పాంజి పెట్టేది జూన్‌లో. ఆ చూడితో వచ్చిన పాలు పితికేది డిసెంబరులో. ఆరు నెలల కిందటి మందు డిసెంబరు పాలలో ఉండి వాటిని పెంచిందనడం కుదరదు. మరి స్పాంజి ఏం చేసింది? కృత్రిమ గర్భధారణకు వీలు కల్పించింది. దాంతో ఒక పొట్టేలు బిడ్డలను అనేక మందల్లో పెంచి, వాటి పాలు కొలిచి, ఏ పొట్టేలు రక్తం మంచిదో లెక్కగట్టడం సాధ్యమైంది. పాల దిగుబడిలో ఏటేటా వచ్చిన పెరుగుదలలో ఈ ఎంపిక వాటా పెద్దదని ఫ్రాన్సిస్ బారియే వంటి పరిశోధకుల లెక్కలు చెబుతాయి. నా మటుకు నేను లకోన్ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద కారణం స్పాంజేనంటాను, అదీ పరోక్షంగా.

ఈ వాదానికి హద్దులున్నాయి. అవే దశాబ్దాల్లో పాలు పితికే యంత్రాలు వచ్చాయి, మేత మెరుగుపడింది, కొట్టాలు మారాయి. స్పాంజి వాడని మామూలు మందలు కూడా ఎంపిక మందల నుంచి పొట్టేళ్లను కొనుక్కుని లాభపడ్డాయి. దేని వాటా ఎంతో కచ్చితంగా తూచి చెప్పగలమన్న భ్రమ నాకు లేదు.

ఎంపిక పాల నాణ్యతను పెంచిందని చెప్పడం కూడా తొందరపాటే. మొదట్లో జరిగింది దానికి విరుద్ధం. పాలు ఎక్కువిచ్చే గొర్రెనే ఎంచుకుంటూ పోతే వెన్న, ప్రోటీన్ శాతాలు తగ్గుతాయి. ఈ రెండు గుణాల మధ్య జన్యుపరంగానే వైరం ఉంది. చీజ్ తయారీదారులు దీన్ని గంగాళంలో చూశారు: అంతే చీజ్‌కు ఎక్కువ పాలు పోయవలసి వస్తోంది. 1980ల నడుమ నుంచి వెన్న, ప్రోటీన్ శాతాలను కూడా ఎంపిక లెక్కలో చేర్చారు. 2000 దాటాక పొదుగు ఆకారం, పొదుగు జబ్బును సూచించే పాలలోని కణాల సంఖ్య వచ్చి చేరాయి. హార్మోన్ చికిత్స పాల నాణ్యతను మార్చిందా అంటే మార్చింది. ముందు పలుచన చేసింది, తర్వాత మనుషులు తమ లెక్క సరిచేసుకున్నాక నిలబెట్టింది.

ఒకే వేళ ఎదకు తెచ్చిన మంద ఒకే వేళ ఈనుతుంది, ఒకే వేళ వట్టిపోవడానికి దగ్గరవుతుంది. అప్పుడు ఆ మంద పాలన్నీ ఒకే దశలో ఉంటాయి. మొదటి నెలల్లో పలుచన. ఈత చివర వెన్న, ప్రోటీన్ ఎక్కువ, కానీ కణాల సంఖ్య కూడా పెరిగి, రెనెట్ వేశాక కట్టుకోవడంలో తేడా వస్తుంది. ముందూ వెనకా ఈనిన గొర్రెల పాలు కలిసే పాత మందలో ఈ ఒడిదుడుకులు ఒకదాన్నొకటి కప్పేసేవి. ఈ మార్పును పట్టించుకున్న చరిత్రకారులు తక్కువ.

ఆక్సిటోసిన్‌ది మరో గందరగోళం. గొర్రె పాలు చేపడానికి దాని ఒంట్లోనే ఊరే హార్మోన్ అది. పొదుగులో కింది తొట్టిలో నిలిచిన పాలు తేలిగ్గా వస్తాయి. పైన సన్నని గుళికల్లో ఉన్న పాలు చేపితేనే దిగుతాయి. వెన్న ఎక్కువగా ఉండేది ఆ గుళికల పాలలోనే. ఫ్రాన్సులో లాబుసియేర్ అనే పరిశోధకుడు 1960ల నుంచి చేసిన పరిశీలనల్లో, యంత్రంతో పితికేటప్పుడు పాల ధార రెండు విడతలుగా వచ్చే గొర్రెలను గుర్తించాడు. రెండో విడత చేపినప్పటిది. చేపని గొర్రె దగ్గర వెన్న పొదుగులోనే మిగిలిపోతుంది. పెద్ద తొట్టి ఉన్న లకోన్‌కు ఈ బాధ తక్కువ. అదే హార్మోన్‌ను బయటి నుంచి మోతాదు మించి పదేపదే పొడిస్తే పొదుగు కణాల మధ్య కట్టు సడలి పాలలో సోడియం పెరుగుతుంది, లాక్టోజ్ తగ్గుతుంది. మేకలపై జరిగిన పాత ప్రయోగాల్లోనే ఇది తేలింది.

మన దగ్గర గేదెలకు ఆక్సిటోసిన్ సూదులు పొడవడంపై రేగిన ఆగ్రహం న్యాయమైనదే. దాని వెనక పశువు పడే బాధ ఉంది. కానీ ఆ ఆగ్రహమంతా ‘పాలలో హార్మోన్’ అనే భయంగా మారిపోయింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశీలనలో, సూది వేసిన పశువుల పాలలోనూ వేయని వాటి పాలలోనూ ఆ హార్మోన్ మోతాదులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2018లో కేంద్రం ఆక్సిటోసిన్ ప్రైవేటు తయారీని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. అదే హార్మోన్ కాన్పు తర్వాత తల్లుల రక్తస్రావాన్ని ఆపే మందు కూడా. ఇంత ఆవేశం లేకపోతే ఆ ఉత్తర్వు పుట్టేది కాదేమో.

ఇక ఈనాటి సంగతి. ఐరోపా చట్టం 1996లోనే బలుపు కోసం ఇచ్చే హార్మోన్లను, ఎద సరిచేసే హార్మోన్లను వేరు చేసింది. మొదటివాటిని కూడదంది, రెండోవాటిని షరతులతో ఒప్పుకుంది. జూన్, జూలైల్లో ఇంకా పాలిస్తున్న గొర్రెకు స్పాంజి పెడితే ఆ చివరి పాలలోకి మందు కొంత చేరవచ్చు గనుక, కిలో గొర్రె పాలలో ఒక మైక్రోగ్రాముకు మించకూడదన్న హద్దు పెట్టింది. తాగేవారి రక్షణ వరకు అది సమంజసంగానే ఉందని నా అభిప్రాయం.

నాకు అభ్యంతరం ఉన్నది గుర్రాల దగ్గర. చూడి గుర్రాల రక్తం పదేపదే తీసే కేంద్రాలు దక్షిణ అమెరికాలో, ఐస్‌లాండ్‌లో ఉన్నాయి. అక్కడి పరిస్థితులను జంతు సంక్షేమ సంఘాలు బయటపెట్టిన తర్వాత కూడా గొర్రె పాల నాణ్యత గురించిన శాస్త్ర వ్యాసాలు ఆ మాట ఎత్తవు. ఆ హార్మోన్‌ను ఏటా ఇస్తే కొన్ని గొర్రెల ఒంట్లో దానికి ఎదురు ప్రతిదేహాలు పుట్టి చూడి శాతం తగ్గుతుందని 1990ల్లోనే తేలింది. ప్రత్యామ్నాయం లేదా అంటే పాతదే ఒకటుంది: దూరంగా ఉంచిన పొట్టేలును ఒక్కసారిగా మందలోకి వదిలితే గొర్రెలు ఎదకొస్తాయని 1944లోనే పశ్చిమ ఆస్ట్రేలియాలో రాసిపెట్టారు. ఐరోపాలో సేంద్రియ రైతులకు హార్మోన్లు నిషిద్ధం గనుక దాన్నే నమ్ముకుంటున్నారు. అయితే గంట లెక్కన గర్భధారణ చేయించేంత కచ్చితత్వం దానికి లేదు.

తెలుగు నేల మీద నెల్లూరు, దక్కనీ గొర్రెలను ప్రధానంగా మాంసానికే పెంచుతారు, పాలు పిల్లలకే. పగటి నిడివిలో తేడా తక్కువ గనుక ఇక్కడి గొర్రెలకు కాలంతో పట్టింపు కూడా తక్కువే. రాజస్థాన్‌లోని అవికానగర్ కేంద్ర సంస్థ స్వదేశీ స్పాంజిని తయారు చేసింది. మేలైన పొట్టేళ్ల వీర్యం గొల్లకురుమల మందలకు అందించేందుకు అది పనికొస్తుంది. అయితే దాన్ని వాడేచోట, ఫ్రాన్సు తెలుసుకోవడానికి ఇరవయ్యేళ్లు పట్టిన విషయం ముందే తేల్చుకోవాలి: ఏ గుణం కోసం ఎంచుతున్నామో రాసి పెట్టుకుని, ఆ గుణాన్ని మందలో ఏటా కొలవాలి. ఆ లెక్కల పుస్తకం తెరవకుండా స్పాంజిలు పంచడం వృథా ఖర్చు.