మెరుపు పరుగు

శంకర్ నాగ్ కథను ఎక్కడి నుంచి ఎత్తుకున్నా చివరికి ఆ రోడ్డు మీదికే చేరుతుంది. దావణగెరె పొలిమేరలో అనగోడు. బెంగళూరు నుంచి పూణే వైపు పోయే పెద్ద రోడ్డు. 1990 సెప్టెంబరు 30. ఇంకో నలభై రోజులు గడిస్తే అతనికి ముప్పై ఆరేళ్ళు నిండేవి. అందుకే అతను నవ్వుతున్న ఫోటో ఏది చూసినా మనకు ఆ నవ్వు వెనక ఆ రోడ్డు కనిపిస్తుంది. పాపం, అతనికే కనిపించలేదు.

ఉత్తర కన్నడ జిల్లాలో, హొన్నావర దగ్గరి మల్లాపురలో 1954లో పుట్టాడు. అన్న అనంత్ నాగ్ లాగే బొంబాయి చేరాడు, అన్నలాగే అక్కడి నాటకాల్లో పడ్డాడు. తర్వాత భార్య అయిన అరుంధతి పరిచయమైందీ ఆ నాటకాల లోకంలోనే. గిరీశ్ కర్నాడ్ తన 'ఒందానొందు కాలదల్లి' సినిమాకి కూలి సైనికుడి వేషం ఇచ్చి కన్నడ తెర మీదికి తెచ్చాడు. ఆ తొలి వేషానికే 1979లో భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు.

ఆ బహుమతిని పట్టుకుని, ఏడాదికొక మంచి వేషం వేసుకుంటూ, మిగతా కాలమంతా నాటకాలాడుకుంటూ ఉండిపోతే? ఇలాంటి 'ఉంటే'లు ఈ కథలో అడుగడుగునా ఉన్నాయి. ఒక్కొక్కదాని దగ్గరా మనసు ఆగుతుంది. అతను మాత్రం ఆగలేదు.

పన్నెండేళ్ళలో ఎనభైకి పైగా సినిమాలు. 'ఆటో రాజా'తో ఆటోవాళ్ళకు సొంత మనిషయ్యాడు, కొట్లాట సినిమాలతో 'కరాటే కింగ్' అయ్యాడు. ఆ సినిమాల్లో చాలావాటిని ఇవాళ కూర్చుని చూడలేం, దాచడం ఎందుకు? కానీ ఒక చేత్తో ఆ వేషాలు వేస్తూనే రెండో చేత్తో ఇంకేదో కడుతూ ఉండేవాడు. సంకేత్ అనే నాటక బృందం నడిపాడు. 'నోడి స్వామి నావిరోదు హీగే' లాంటి నాటకాలాడించాడు. పాట రికార్డింగుకైనా డబ్బింగుకైనా మద్రాసు రైలెక్కాల్సిన రోజుల్లో బెంగళూరులోనే రికార్డింగ్ స్టూడియో పెట్టాడు. ఆ రైలు ప్రయాణాల కష్టం మన సినిమావాళ్ళకూ తెలిసిందే.

దర్శకుడిగా తీసిన మొదటి సినిమా పేరు 'మించిన ఓట'. మెరుపు పరుగు అని అర్థం. ఆ పేరు తన బతుక్కే అతికిపోతుందని అప్పుడెవరనుకుంటారు?

తెలుగు ఇళ్ళలో శంకర్ నాగ్ పేరు తెలియనివాళ్ళు ఎందరో ఉంటారు. అతను కట్టిన ఊరు తెలియనివాళ్ళు తక్కువ. ఆర్.కె. నారాయణ్ కాగితం మీద కట్టిన మాల్గుడిని అతను టీవీ సీరియల్ కోసం శివమొగ్గ జిల్లా అగుంబెలో కట్టాడు. వాన వదలని ఊరది. పెంకుటిళ్ళు, అరుగులు, ఎవరికీ ఎక్కడికీ పనిలేనట్టుండే వీధి. మొదట్లో ఆర్.కె. లక్ష్మణ్ గీసిన బొమ్మలు, వాటి వెనక ఎల్. వైద్యనాథన్ కట్టిన ఆ కూనిరాగం. పిల్లవాడు స్వామిగా మంజునాథ్, స్వామి తండ్రిగా గిరీశ్ కర్నాడ్. 1986లో దూరదర్శన్‌లో ఆ సీరియల్ మొదలయ్యాక, ఆ రాగం వినబడితే చాలు, పెరట్లో ఉన్నవాళ్ళు కూడా చెయ్యి తుడుచుకుంటూ టీవీ ముందుకు వచ్చేవారు.

నాకు ఎప్పటికీ అంతుపట్టనిది ఇదే. అంత హడావుడి మనిషి అంత నిదానమైన కథలు ఎలా తీశాడు? ఒక పిల్లవాడు బడి ఎగ్గొట్టాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడితే, కెమెరా కూడా వాడితోపాటే ఓపిగ్గా నిలబడుతుంది. ఎవరూ ఎవర్నీ తొందరపెట్టరు. ఆ నిదానం ఎక్కడో అతనిలోనే ఉండి ఉండాలి, లేనిది తెర మీదికి రాదు కదా. స్వామికి ఇచ్చినంత తీరిక తనకు తాను ఇచ్చుకోలేదు. ఎవరైనా చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చోబెట్టాల్సిన కాలమేదైనా ఉందంటే అది అగుంబె కాలమే. కానీ అంత అందంగా పరుగెత్తేవాణ్ణి ఆపాలని ఎవరికనిపిస్తుంది? అందరం చప్పట్లు కొట్టేవాళ్ళమే.

అంతకు ముందే, 1985లో, 'యాక్సిడెంట్' అనే సినిమా తీశాడు. మత్తులో ఉన్న డబ్బున్న కుర్రాళ్ళు ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్నవాళ్ళ మీదికి కారు ఎక్కిస్తారు. నిజం తవ్వితీసే పాత్రికేయుడి వేషం తనే వేశాడు. జాతీయ అవార్డు వచ్చింది. ఆ సినిమా పేరు ఇప్పుడు పైకి చదవాలంటే గొంతు పట్టేస్తుంది.

సినిమాలు, నాటకాలు, టీవీ చాలవన్నట్టు ఊరిని కూడా నెత్తికెత్తుకున్నాడు. బెంగళూరుకు మెట్రో రైలు కావాలని ఎనభైల్లోనే పట్టుపట్టాడు. లండన్ వెళ్ళి అక్కడి భూగర్భ రైలును చూసి వచ్చి ప్రభుత్వానికి చెప్పాడు. నంది కొండలకు రోప్‌వే అన్నాడు, పేదలకు చౌకగా, త్వరగా కట్టే ఇళ్ళన్నాడు. ఫైళ్ళు కదల్లేదు. బెంగళూరులో మొదటి మెట్రో రైలు కదిలింది 2011 అక్టోబరు 20న. అప్పటికి అతను పోయి ఇరవై ఒక్కేళ్ళు.

ఆ చివరి ప్రయాణం 'జోకుమారస్వామి' షూటింగుకు. చంద్రశేఖర కంబార నాటకమది. జోకుమార ఉత్తర కర్ణాటక పల్లెల దేవుడు. భాద్రపదంలో పుడతాడు, ఏడే ఏడు రోజులు బతుకుతాడు. ఆ వారంలోనే ఇంటింటికీ తిరిగి, పంటలకు వానలడిగి, చంపబడతాడు. ఎన్ని కొట్లాట సినిమాల తర్వాతో మళ్ళీ తన నాటకాల వైపు, తన మట్టి కథ వైపు మళ్ళుతున్న మనిషి. కారులో భార్య ఉంది, చిన్న కూతురు ఉంది. అనగోడు దగ్గర కారు లారీని ఢీకొంది. కూతురు బతికింది. అరుంధతి ఒళ్ళంతా గాయాలతో బతికింది. అతను లేడు.

బెంగళూరు ఆటోల మీద అతని బొమ్మ ఇప్పటికీ కనిపిస్తుంది. అతను పోయాక పుట్టిన కుర్రాళ్ళు నడిపే ఆటోలు. వాళ్ళకూ అతను 'శంకరణ్ణే'.

అరుంధతి మళ్ళీ నిలబడటానికి చాలా కాలం పట్టింది. నిలబడ్డాక, ఊరికొక మంచి నాటకశాల ఉండాలన్న అతని కోరికను భుజాన వేసుకుంది. డబ్బు కోసం ఏళ్ళ తరబడి తిరిగింది. 2004లో జె.పి. నగర్‌లో 'రంగశంకర' తెరుచుకుంది. పేరులో అతను ఉన్నాడు. సోమవారం తప్ప రోజూ అక్కడ నాటకం ఉంటుంది. ఎప్పుడైనా బెంగళూరు వెళితే చూడండి, కాస్త ముందుగానే చేరుకోండి. వేళ కాగానే తలుపులు మూసేస్తారు. ఆ తర్వాత వస్తే, చేతిలో టికెట్ ఉన్నా లోపలికి పోనివ్వరు.