గోదావరి గట్టుకి డబ్బు ఎప్పుడొస్తుంది?

సాయంత్రమైతే రాజమండ్రిలో మనమంతా వెళ్లి కూర్చునేది గోదావరి గట్టు మీదే కదా. ఆ గట్టు ఎందుకుంది, దానికి డబ్బు ఎవరిస్తారు? ఇవాళ ఆ కథ చెప్తాను.

1833లో పెద్ద కరువు. పక్కనే నది పారుతున్నా జనం ఆకలితో చచ్చిపోయారు. ఆర్థర్ కాటన్ రిపోర్టు రాశాక గానీ కంపెనీ ఖజానా తెరుచుకోలేదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాలవలొచ్చాయి, పంటలొచ్చాయి. వాటిని కాపాడటానికి ఏటిగట్లు తప్పనిసరయ్యాయి.

ఇక 1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద. క్యూసెక్కు అంటే సెకనుకి 28 లీటర్లు. మన ఇళ్లకొచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్లు లెక్కేస్తే, సెకనుకి దాదాపు 50 లక్షల క్యాన్లు! మా అమ్మమ్మ వాళ్లది లంక ఊరు. "ఆ రాత్రి ఏం పట్టుకెళ్లావే?" అని అడిగితే, "ఏం పట్టుకెళ్తాంరా, గేదెని విప్పేసి పిల్లల్ని ఎత్తుకున్నాను. కట్టేసుంటే చచ్చిపోద్ది కదా" అంది.

2006 ఆగస్టులో మళ్లీ పెద్ద వరద. కోనసీమలో శానపల్లిలంక దగ్గర గట్టు తెగింది. గట్లు ఎత్తు పెంచి బలంగా చేసే పనులు ఆ తర్వాతే జోరందుకున్నాయి. 2022 జులైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు వాటి విలువ తెలిసింది.

డబ్బు సంగతికొస్తే, వరద రక్షణ రాష్ట్రం బాధ్యత. కేంద్రం పథకంలో ఒప్పుకున్న పనులకి మనలాంటి రాష్ట్రాలకి 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం. కానీ గట్టు కట్టడానికి ఒకసారి డబ్బొస్తే సరిపోదు. ఎలుక బొరియలు పూడ్చాలి, తుప్పలు కొట్టాలి, తూముల తలుపులు చూడాలి. నది పొంగితే ఆ తూములు మూసేయాలి. అప్పుడు ఊళ్లో పడ్డ వాన నీళ్లు మోటార్లతో తోడాల్సిందే. ఈ పనులకి రిబ్బన్ కటింగ్ ఉండదు, అందుకే వెనకబడతాయి.

ఇంకో మాట. గట్టు ఊరిని కాపాడుతుంది. గట్టుకి అవతల, నదిలోనే ఉన్న లంకల వాళ్లకి అది అడ్డం కాదు. వాళ్లకి కావాల్సింది టైముకి పడవ, కబురు, తలదాచుకునే చోటు.

ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. ఆ నంబర్ గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లో పెద్దవాళ్లని 86 వరద గురించి అడగండి. ఉంటాను మరి.