బొటనవ్రేలు, చూపుడువ్రేలు, పిక్: బేస్ గిటారు మీటు పుట్టుపూర్వోత్తరములు

1951వ సంవత్సరమున కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమందలి లియో ఫెండర్ కర్మాగారమునుండి వెలువడిన ప్రెసిషన్ బేస్ అను విద్యుద్వాద్యమును దగ్గరగా చూచువారికి, దాని నాలుగు తీగలకు దిగువను, సన్నని తీగ ప్రక్కన, మరలతో బిగించిన చిన్న పట్టీ యొకటి కనబడును. వాద్యమును మెడకు తగిలించుకొని నిలుచున్నవాని కుడిచేతి నాలుగు వ్రేళ్లు ఆ పట్టీ క్రింద ఒదిగి, చేతికి ఊతము దొరకగా, బొటనవ్రేలు మాత్రము స్వేచ్ఛగా పైనుండి క్రిందికి తీగను మీటవలెనని దానిని అమర్చినవారి యుద్దేశము. 1974లో ఆ పట్టీ తీగల ఎగువప్రక్కకు మారినది. అప్పటికి వాద్యకారులలో పెక్కుమంది బొటనవ్రేలిని దేనిపైనైన ఆనించి, చూపుడువ్రేలితోను నడిమివ్రేలితోను మీటుటకు అలవాటుపడి యుండిరి. బేస్ గిటారును వ్రేళ్లతో మీటుటయే మూలసంప్రదాయమనియు, తీగలను మీటు చిన్న బిళ్లయగు పిక్ పట్టుట గిటారువాద్యకారులు తెచ్చిపెట్టిన అడ్డుత్రోవ యనియు నేటికిని వాదించువారు కలరు. ఆ చిన్న పట్టీ చెప్పు సాక్ష్యము వారికి అనుకూలము కాదు. ఈ వాద్యము పుట్టిననాడు దానికి తనదైన మీటు లేనే లేదు. దానిని చేపట్టినవారందఱును తమ తమ పూర్వవాద్యముల చేతులతోనే వచ్చిరి.

అంతకుముందు వాద్యబృందములలో మంద్రస్థాయి భారమంతయు డబుల్ బేస్‌దే. మనిషికంటె ఎత్తైన ఆ వాద్యమును ఊరూరికి మోసుకొనిపోవుట ఒక యెత్తు, విద్యుద్గిటారుల హోరులో దాని నాదమును వినిపించుట మఱియొక యెత్తు. సియాటిల్ నగరవాసియగు పాల్ టట్‌మార్క్ 1930ల దశకముననే గిటారువలె అడ్డముగా పట్టుకొనదగిన, మెట్లుగల విద్యుత్ బేస్‌ను నిర్మించెను గాని, అది వ్యాప్తికి రాలేదు. రేడియోలు బాగుచేయు వృత్తిలో చేయి తిరిగి, స్వయముగ గిటారు వాయింపనెరుగని లియో ఫెండర్ చేతిలోనే ఆ యూహకు కాలము కలసివచ్చెను. తీగ మ్రోగు పొడవును 34 అంగుళములకు తగ్గించి, మెట్లు పెట్టి, శ్రుతి తప్పని ఖచ్చితత్వమే పేరుగా దానికి ప్రెసిషన్ అని నామకరణము చేసెను. మెట్లుండుటచే గిటారు వాయించువారు ఏ సంకోచమును లేక దీనిని చేపట్టిరి. వారి చేతిలో అప్పటికే పిక్ ఉన్నది. డబుల్ బేస్‌ను వదలి వచ్చినవారికి చూపుడువ్రేలితో తీగను ప్రక్కకు లాగి వదలుట అలవాటు. ఈ రెండు వర్గములును ఒకే వాద్యముపై కలిసికొనుటవలన పుట్టినదే నేటి వివాదము.

పిక్‌కును వ్రేలికిని గల పోటీ బేస్ గిటారుకంటె మిక్కిలి ప్రాచీనము. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదునుండి కార్డోవాకు చేరిన జిర్యాబ్ అను గాయకుడు, ఊద్ వాద్యమును కొయ్యపుడకతో మీటుట మాని గరుడపక్షి ఈకను వాడెనని చరిత్రకారులు చెప్పుదురు. ఆ ఊద్ సంతతియైన ఐరోపా ల్యూట్‌ను మధ్యయుగమంతయు ఈకతోనే మీటిరి. పదునైదవ శతాబ్దాంతమున, ఒకే వాద్యముపై రెండు మూడు గొంతుకలు ఏకకాలమున నడపవలెనను కోరిక పుట్టగానే, ఈక వెనుకబడి వ్రేళ్లు ముందునకు వచ్చినవి. మనకు ఈ విషయము క్రొత్త కాదు. వీణను గోటితో మీటువారును, వ్రేలికి తీగతొడుగు ధరించి మీటువారును మనలో కలరు. సితారుకు మిజ్రాబ్, సరోద్‌కు కొబ్బరిచిప్ప ముక్క ప్రసిద్ధములు. ఆయా మీటునకు తగిన నాదమును చెవి గుర్తించునే గాని, ఒకటి శాస్త్రీయమనియు వేఱొకటి అశాస్త్రీయమనియు ఎవరును తీర్పు చెప్పరు. ఇక గిటారు పిక్ సంగతి: సముద్రపు తాబేటి చిప్పతో చేసినవి చిరకాలము శ్రేష్ఠములుగ ఎంచబడెను. 1922లో న్యూయార్కునందు లుయీజీ డాండ్రియా సెల్యులాయిడ్ పిక్‌ల తయారీకి పూనుకొనగా అవి చవుకగా సర్వత్ర లభ్యములయ్యెను; ఆ తాబేటిచిప్ప వాణిజ్యము 1970ల దశకమున అంతర్జాతీయపు టొడంబడికచే నిషిద్ధమయ్యెను.

మీటుసాధనము మారినంతమాత్రమున నాదమేల మారవలెనని అడుగువారికి సమాధానము భౌతికశాస్త్రమున సులభముగ దొరకును. బేస్ గిటారుయొక్క లావుపాటి తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపించును. ఆ మూలపౌనఃపున్యముతోబాటు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలుగా అనుస్వరములు పుట్టుచుండును. వ్రేలికొన మెత్తనిది, వెడల్పైనది. తీగను విడుచునప్పుడు అది మలచిన వంపు గుండ్రముగ నుండుటచే ఉన్నతానుస్వరములు అణగి, నాదము మృదువుగ, నిండుగ పలుకును. పిక్ అంచు సన్ననిది, గట్టిది. అది విడిచిన తీగ వంపు కోణాకారమున నుండుటచే ఉన్నతానుస్వరములు విరివిగ పుట్టి, ప్రతి స్వరమునకును ముందు ఒక స్పష్టమైన టక్కుమను శబ్దము చేరును. మీటినచోటును అంతే ముఖ్యము: తీగ నడుమను మీటిన నాదమునకు ఒక రూపము, కొసదగ్గర మీటిన వేఱొక రూపము. పిక్ పట్టినవాడు నడుమకు జరిగి మెత్తగ పలికింపవచ్చును, వ్రేలితో మీటువాడు కొసకు జరిగి కరకుగ పలికింపవచ్చును. కావున చెవితో విని ఇది పిక్, ఇది వ్రేలు అని తీర్మానించుట అందఱు అనుకొనునంత సులభము కాదు.

పిక్ బేస్‌కు ఆదరము పెరుగుటకు గిటారువాద్యకారుల అలవాటుకంటెను గొప్ప కారణము వేఱొకటి కలదని నా యభిప్రాయము. 1954లో అమెరికా విపణిలోనికి ట్రాన్సిస్టరు రేడియో వచ్చెను. అఱచేతిలో నిముడు ఆ పెట్టెలోని స్పీకరు సెకనుకు నూఱు కంపనములకు దిగువనున్న నాదమును పలికింపజాలదు. మూలపౌనఃపున్యము నశించినను, దాని అనుస్వరములు చెవిని చేరిన యెడల, లేని మూలస్వరమును మనస్సు తానే పూరించుకొనును. అనుస్వరములను విరివిగ పుట్టించునది పిక్. నాష్‌విల్ నగరపు స్టూడియోలు దీనికొక చక్కని యుపాయమును అమలుపరచినవి. డబుల్ బేస్‌పై ఒకరు వ్రేళ్లతో వాయించు పాదమునే, డేన్‌ఎలెక్ట్రో కంపెనీవారు 1956లో ప్రవేశపెట్టిన ఆరుతీగల బేస్ వంటి వాద్యముపై, అరచేతి అంచుతో తీగలను అణచి, పిక్‌తో మఱియొకరు వాయించెడివారు. దానికి టిక్-టాక్ బేస్ అని పేరు. 1961లో ప్యాట్సీ క్లైన్ పాడిన ‘క్రేజీ’ పాటలో బాబ్ మూర్ డబుల్ బేస్‌ను, హెరాల్డ్ బ్రాడ్లీ ఆరుతీగల విద్యుత్ బేస్‌ను వాయించిరి. ఒకరి వ్రేళ్లు నాదమునకు శరీరమును ఇచ్చిన, వేఱొకరి పిక్ దానికి ఆరంభరేఖను దిద్దెను. వ్రేలా, పిక్కా యను ప్రశ్నకు, రెండును ఒకే స్వరమున ఇముడునని ఆ శిల్పులు ఆనాడే చేసి చూపిరి.

ఆ దశకముననే ఇద్దఱు మహావాద్యకారులు ఈ రెండు మార్గములకును ప్రతీకలైరి. డెట్రాయిట్‌లో మోటౌన్ సంస్థవారి నేలమాళిగ స్టూడియోలో జేమ్స్ జేమర్సన్, కుడిచేతి మిగిలిన వ్రేళ్లను పికప్ పైనున్న లోహపు మూతపై ఆనించి, ఒక్క చూపుడువ్రేలితో, డబుల్ బేస్ నేర్పిన చేతివాటముతో, 1962నాటి ప్రెసిషన్ బేస్‌పై అసంఖ్యాకములైన పాటలకు ప్రాణము పోసెను. ఆ వ్రేలికి సహచరులు కొక్కెమని పేరు పెట్టిరి. లాస్ ఏంజెలెస్‌లో జాజ్ గిటారువాద్యకారిణియగు కేరల్ కే, 1963లో ఒకనాటి రికార్డింగునకు బేస్ వాయింపవలసినవాడు రాకపోవుటచే ఆ వాద్యమును చేపట్టి, అచిరకాలముననే ఆ నగరపు స్టూడియోలలో అగ్రశ్రేణిని చేరెను. ఆమెది పిక్, తాళపు దెబ్బపై క్రిందికి, దెబ్బల నడుమ పైకి, మణికట్టు తొణకని వరుస. ఈ ఇరువురును పరస్పరవిరుద్ధులని చెప్పుకొనుట పరిపాటి. కాని వారి వాద్యముల కొసదగ్గర చూచిన కథ వేఱు. జేమర్సన్ తీగలు చదునైన లోహపుచుట్టుగల లావుపాటివి. వాటిని అతడు తెగిననే గాని మార్చెడివాడు కాడు. బ్రిడ్జి మూత క్రింద ఫోమ్ ముక్క తీగలకు తగులుచుండెడిది. కేరల్ కే తీగలును చదునుచుట్టువే. ఆమె బ్రిడ్జి దగ్గర తీగలపై ఫెల్టుగుడ్డను అతికించెడిది. ఇరువురును నాదపు తోకను కత్తిరించి, స్వరారంభమును మాత్రమే మిగుల్చుకొనిరి. వ్రేలితో మీటువాడు మెత్తదనమును, పిక్‌తో మీటునామె కరకుదనమును తగ్గించుకొని, ఇంచుమించు ఒకే చోట కలిసికొనిరి. మోటౌన్ పాటలు కొన్నిటిలో బేస్ వాయించినది ఎవరను విషయమున ఆమెకును జేమర్సన్ పక్షమువారికిని దశాబ్దములుగ వాదము సాగినది. వాదించినవారు సాక్ష్యముగ చూపినవాటిలో నాదపు తీరును ఒకటి. ఆ నాదములు చెవికి అంత సమీపముగ నుండుటచేతనే ఆ వాదము అంతకాలము నిలిచినదని నేను తలచెదను.

1961లో హాంబర్గ్‌లో హాఫ్నర్ బేస్‌ను కొని, గిటారునుండి బేస్‌కు మాఱిన పాల్ మెకార్ట్నీ, పిక్‌తోనే గానమువంటి బేస్ పాదములను అల్లి, ఆ సాధనమునకు లోకమంతట గౌరవము గడించి పెట్టెను. తీగల చుట్టు మాఱుటతో మఱియొక మలుపు వచ్చినది. 1966లో రోటోసౌండ్ కంపెనీవారు బేస్ వాద్యకారుడగు జాన్ ఎంట్‌విజిల్ సహకారముతో గుండ్రని చుట్టుగల తీగలను సిద్ధపరచిరి. వాటిపై పిక్ పడిన పియానో తీగవంటి మెఱుపు పుట్టును. యెస్ బృందపు క్రిస్ స్క్వైర్ ఆ మెఱుపును రికెన్‌బ్యాకర్ బేస్‌పై పరాకాష్ఠకు చేర్చెను. అతని చేతిని గమనించినవారు చెప్పునది విచిత్రము: పిక్ తీగను తాకిన వెంటనే బొటనవ్రేలి యంచును దానిని తాకును. ఆ కరకైన మెఱుపులో మెత్తని చర్మపు స్పర్శయు కలిసియున్నది.

వ్రేళ్లే శ్రేష్ఠమను భావము బలపడినది ముఖ్యముగ 1976 తరువాతనే. ఆ యేడు వెలువడిన తన తొలి ఆల్బములో జాకో పాస్టోరియస్, మెట్లు లేని జాజ్ బేస్‌పై వ్రేళ్లతో సాధించిన వేగమును, అనుస్వరములతోనే అల్లిన స్వరసంచారమును విని ఒక తరమంతయు ఆ మార్గమును అనుసరించినది. అతని ప్రతిభకు ఎవరైనను చేతులు జోడింపవలసినదే. కాని ఒక ప్రతిభావంతుని మార్గమును వాద్యధర్మముగ ప్రకటించి, పిక్ పట్టిన శిష్యుని చిన్నబుచ్చు గురువులు, ఆ శిష్యునకు సగము వాద్యమును దూరము చేయుచున్నారు. దీనికి ప్రబలమైన సమాధానము ఆంటొనీ జాక్సన్. ఆరుతీగల కాంట్రాబేస్ గిటారును 1970ల దశకమున రూపొందింపజేసికొన్న ఆ గంభీరవాద్యకారుడు, 1973లో ఓజేస్ బృందము పాడిన ‘ఫర్ ద లవ్ ఆఫ్ మనీ’ పాటకు ఆయువుపట్టైన బేస్ పాదమును పిక్‌తోనే, ఫేజర్ అను పరికరము ద్వారా వాయించెను. ఆ పాట రచయితలలో అతని పేరును చేర్చిరి. వ్రేళ్లు, పిక్, అరచేతితో అణచిన బొటనవ్రేలు, ఈ మూటిని అతడు సమానశ్రద్ధతో సాధన చేసెను.

మన సినిమాపాటలలోను బేస్ గిటారునకు స్వతంత్రవ్యక్తిత్వము నిచ్చినవారిలో ఇళయరాజా ముఖ్యులు. ఆయన తెలుగు చిత్రములకు కూర్చిన పాటలలో పల్లవికి క్రిందనుండి వేఱొక రాగమువలె నడచు బేస్ పాదములు శ్రద్ధగ వినదగినవి. ఆ పాటలను నేడు మనము పెక్కుమారులు వినునది చేతిలోని ఫోనునుండి. దాని స్పీకరు 41 కంపనముల నాదమును పలికింపజాలదు. మనకు చేరునది మీటు విడిచిన అనుస్వరములు మాత్రమే. బేస్ పాఠములు నేర్చుకొనుచున్న యువకులు ఒకే పాదమును ముందు వ్రేలితో, తరువాత పిక్‌తో, పిదప 1951నాటివలె బొటనవ్రేలితో వాయించి, మొదట ఫోనుపైనను పిమ్మట పెద్ద స్పీకరుపైనను విని చూచిన, ఏ పాటకు ఏ మీటు తగునో వారి చెవియే నిర్ణయింపగలదు.