ఓటెయ్యని ఓటరు

“ఓటెయ్యనోళ్లకు అడిగే హక్కెక్కడిది?” పోలింగ్ శాతం తగ్గినప్పుడల్లా హైదరాబాదులో వినిపించే మాట ఇది. చట్టం మాత్రం అలా అనదు. ఆ సంగతి మనకు కనిపించకపోవడానికి ఒక కారణం మన మాటలోనే ఉంది. ఓటు వేసినవాడూ ఓటరే, జాబితాలో పేరుండి వెయ్యనివాడూ ఓటరే.

ఈ రెండో మనిషికి తెలుగులో విడిగా ఒక పేరుంది: నియోజకుడు, అంటే నియమించేవాడు. ఆ మాట వాడుకలోంచి దాదాపు పోయి, ‘నియోజకవర్గం’లో మాత్రం మిగిలింది. దాన్నీ మనం నాలుగైదు మండలాల మ్యాపుగానే చూస్తున్నాం. నిజానికది నియమించేవాళ్ల గుంపు.

వికారాబాద్‌కు ఆ పేరు పైగా అమీరు వికారుల్ ఉమ్రా మీదుగా వచ్చింది. జాగీరులో నియామకాలన్నీ పైనుంచి కిందికే. నిజాం 1946లో తెచ్చిన శాసనసభలోనూ ప్రాతినిధ్యం వృత్తుల, ప్రయోజనాల లెక్కనే. 21 ఏళ్లు నిండిన రైతుకూ కూలికీ ఓటు వచ్చింది 1952 ఎన్నికల్లో. అప్పుడు వికారాబాద్ నుంచి గెలిచిన మర్రి చెన్నారెడ్డి బూర్గుల మంత్రివర్గంలో చేరారు.

1967లో ఆయన తాండూరు నుంచి గెలిచారు. ప్రత్యర్థి వందేమాతరం రామచంద్రరావు కోర్టుకెక్కారు. ఎన్నికల్లో అక్రమాలు జరిగాయని 1968లో హైకోర్టు ఆ గెలుపును రద్దు చేసింది, సుప్రీంకోర్టు సమర్థించింది. కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రి పదవి పోయింది, పైగా ఆరేళ్ల అనర్హత. 1971లో ఆయన నడిపిన తెలంగాణ ప్రజాసమితి ఇక్కడి 14 లోక్‌సభ స్థానాల్లో 10 గెలిచింది. ఆయన మాత్రం పోటీకి నిలబడలేకపోయారు.

ఇంత దూరం వెళ్లగల ఎన్నికల పిటిషన్ ఎవరు వెయ్యొచ్చు? 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 81వ సెక్షన్ ప్రకారం అభ్యర్థి వెయ్యొచ్చు, నియోజకుడూ వెయ్యొచ్చు. నియోజకుడంటే ఆ ఎన్నికలో ఓటు హక్కున్న మనిషి. ఓటు వేశాడా లేదా అన్నదానితో పనిలేదని ఆ సెక్షనే వివరణ ఇస్తుంది.

తాండూరు నాపరాయి గనిలో ఆ రోజు పని మానలేకపోయిన కూలీ ఉంటాడు. బస్సు దొరక్క నగరంలోనే ఆగిపోయిన పిల్ల ఉంటుంది. జాబితాలో పేరుంటే వాళ్లూ నియోజకులే. ఓటెయ్యకపోవడం మంచిదని కాదు. కానీ వెయ్యనంత మాత్రాన నోరు మూసుకొమ్మనడానికి చట్టంలో చోటు లేదు. అసలు భయపడాల్సింది జాబితాలోంచి పేరు పోయినప్పుడు. అందుకే పోలింగ్ రోజుకంటే ముందు చూసుకోవాల్సింది ఆ జాబితాని.