దొడ్డి కూడా చరిత్రే

 

అనంతపురం చరిత్ర అంటే కరువు, చెనక్కాయ, వలస అని మూడు మాటల్లో చెప్పేస్తారు. పుస్తకాల్లో కోట ఉంటుంది, చెరువు ఉంటుంది, చేను ఉంటుంది. ఇంటెనక దొడ్డి మాత్రం ఉండదు. దొడ్డికి పట్టా పాసుబుక్కు లేదు, శిస్తు లేదు, పంట లోను లేదు. అందుకే రికార్డు రాసేవాళ్ళకు అది కనపడలేదు. కానీ మన తండాల్లో, ఎరుకల కాలనీల్లో ఆడవాళ్ళు ఎవర్నీ అడగకుండా ఇత్తనం వేసుకోగలిగిన నేల అదొక్కటే. ఇప్పుడు చాలామంది ఇళ్ళల్లో మళ్ళీ సొర తీగ, పుంటికూర, మునగ పెడుతున్నారు. ఇదేదో కొత్త స్కీము అనుకుంటున్నాం. కొత్తది కాదు. దీని వెనక పెద్ద కథ ఉంది.

మొదట మనకు దొడ్డే లేదు, ఎందుకంటే ఇల్లే ఒకచోట లేదు. సుగాలీలం, అంటే బంజారాలం, ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుని దేశమంతా తిరిగినవాళ్ళం. 17వ శతాబ్దంలో ఈ దేశానికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్, పది పన్నెండు వేల ఎద్దులు ఒకే బిడారుగా పోవడం గురించి రాశాడు. బియ్యం, పప్పులు, ఉప్పు మన వీపుల మీద, మన ఎద్దుల వీపుల మీద నడిచాయి. 1739లో సేవాలాల్ మహరాజ్ పుట్టింది మన గుత్తి దగ్గరే అని నమ్ముతాం, ఆయనా ఎద్దుల మందతో తిరిగినాయనే. ఎరుకలవాళ్ళదీ ఇట్లాంటి దారే. వాళ్ళల్లో ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల అని శాఖలున్నాయి. ఏం మోసి అమ్మితే ఆ పేరు. ఈ రోజు ప్రతి దొడ్లో ఉండే కరివేపాకు చెట్టు ఒక తెగకు పేరుగా ఉండిందంటే, ఊర్లకు మనం ఏం తెచ్చిచ్చామో ఆలోచించండి.

తర్వాత రైలు వచ్చింది. 1871కి మద్రాసు, బొంబాయి రైలు మార్గాలు రాయచూరు దగ్గర కలిసిపోయాయి. ఆ దారి గుత్తి మీదుగానే పోతుంది. ఎద్దు నెలల తరబడి మోసే సరుకు రైలు రోజుల్లో మోసేసింది. అదే 1871లో బ్రిటిష్‌వాళ్ళు ఉత్తరాదిలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవాళ్ళు దాని కింద బాగా నలిగిపోయారు, సుగాలీలనూ అనుమానంగానే చూశారు. మోసే పని పోయింది, తిరిగితే నేరం అయింది. ఊరికి దూరంగా గుట్టల పక్కన, ఎవరికీ పనికిరాని రాతినేలలో తండాలు స్థిరపడ్డాయి. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ, నేల మాత్రం ఆ రాతినేలే మిగిలింది. మన దొడ్లు అట్లా మొదలైనవి. ఎవరో దానం చేసినవి కావు.

ఇంక కరువు సంగతి. ఈ పీఠభూమికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూనే వాన. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే ఖాళీ అయిపోతుంది, ఈశాన్య మేఘం కోస్తాలో ఆగిపోతుంది. 1876-78 కరువును మన పెద్దలు ధాతు కరువు అంటారు, ధాతు నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, బళ్ళారి జిల్లాలో భాగం. 1882లో గానీ వేరు కాలేదు. ఆ కరువులో కూలి పనికి వచ్చినవాళ్ళకు ఎంత తిండి ఇవ్వాలనే దాని మీద పెద్ద వాదన జరిగింది. సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన కొద్దిగా చిల్లర చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. కనీసం పౌనున్నర కావాలి, దాంతో పాటు కూరగాయలు, పప్పు లాంటివీ ఉండాలని పట్టుబట్టాడు. కొన్ని నెలలకు కూలి రేటు కొంచెం పెరిగింది, పప్పు కూడా కలిసింది. కానీ అప్పటికే లక్షల మంది పోయారు.

ఈ వాదన మనం గుర్తుపెట్టుకోవాలి. గింజ ఒక్కటే తిండి కాదు, పక్కన ఆకు ఉండాలి, పప్పు ఉండాలి. ఆ మాట కార్నిష్ రిపోర్టుల్లో రాశాడు. మన అవ్వలు రాయలేదు, చేసి చూపించారు. వాన పడితే చాలు చెంచలాకు, గురుగాకు, దొగ్గలాకు చేలగట్ల మీద తెంపుకొచ్చేవాళ్ళు. వాన లేనప్పుడు దొడ్లో మునగాకు, చింతచిగురు.

చేను మాత్రం వేరే దారిన పోయింది. ఒకప్పుడు కొర్ర, సజ్జ, జొన్న, రాగి, మధ్య సాళ్ళల్లో కంది, అలసంద, అనుములు ఉండేవి. నూనె మిల్లులు, మార్కెట్టు, బ్యాంకు అప్పు అన్నీ చెనక్కాయ వైపే లాగాయి. మన జిల్లా దేశంలోనే చెనక్కాయ ఎక్కువగా వేసే జిల్లా అయింది. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. కడుపు నిండింది, అది నిజం, దాన్ని చిన్నచూపు చూడకూడదు. కానీ కొర్రన్నం, సజ్జ రొట్టె పండగ తిండి అయిపోయాయి. చేలో ఒకటే పంట, పళ్ళెంలో ఒకటే గింజ. వాన తప్పితే రెండూ పోతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. మన యాడీలు, అక్కలు ఆ లెక్కలోనే ఉన్నారు.

చేను మార్కెట్టుకు పోయినా పాత ఇత్తనం కొంత దొడ్లోనే బతికింది. మేం సెలవులకు పోయినప్పుడు మా తండాల్లో చూసిందీ అదే. అనుములు బూడిదలో కలిపి కుండలో దాచినవాళ్ళు ఇంకా ఉన్నారు. సొరకాయను చెట్టుకే ఎండబెట్టి, దాంట్లోనే గింజలు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. స్నానం నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు చిన్న కాలవ తీసి మునగ పాదుకు మళ్ళిస్తారు. మేకలు రాకుండా తుమ్మకంప అడ్డం పెడతారు. బోరు లేదు, డ్రిప్పు లేదు.

2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం పేరుతో పొదుపు సంఘాల ఆడవాళ్ళను కలుపుకుని పని చేస్తోంది. వానలకు ముందే నవధాన్యాలు చల్లించడం, పెరటి తోటలు పెట్టించడం దాంట్లో భాగం. జీవామృతం చేలకే అనుకోవద్దు. 20 లీటర్ల బకెట్టు నీళ్ళల్లో కిలో పేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పుపిండి, పిడికెడు గట్టు మట్టి కలిపి రెండు రోజులు నీడలో పెడితే దొడ్డికి సరిపోతుంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్‌వాళ్ళు 1990లో 32 ఎకరాల బీడుతో మొదలుపెట్టి అక్కడ పచ్చదనం తెచ్చారు. ఈ నేల తిరిగి లేస్తుంది అనడానికి అది సాక్ష్యం.

ఇప్పుడు అసలు మాట. దొడ్డి ఉంటేనే కదా ఇవన్నీ. 2020లో మొదలైన ఇళ్ళ పట్టాల్లో పల్లెల్లో ఒక్కో కుటుంబానికి సెంటున్నర ఇచ్చారు. సెంటున్నర అంటే సుమారు 653 చదరపు అడుగులు. అందులో ఇల్లే 340. మరుగుదొడ్డి, దారి, బండి, నీళ్ళ డ్రమ్ము పోగా మునగ చెట్టుకు చోటు యాడ? తర్వాత వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో 3 సెంట్లు ఇస్తామని చెప్పింది. ఆ రెండు అంకెల మధ్య తేడా అంతా దొడ్డే. ఇల్లు లేనివాళ్ళకు సెంటున్నర కూడా పెద్దదే, కాదనం. కానీ మన కాలనీకి కొలత వేసే రోజున గోడలు మాత్రమే అడిగితే, సగమే అడిగినట్టు.

కాబట్టి చదువుకుంటున్న మనం చేయగలిగినవి మూడు. ఒకటి, ఈసారి ఇంటికి పోయినప్పుడు అవ్వనో జేజినో కూర్చోబెట్టి ఏ ఇత్తనం ఎవరి దగ్గర నుంచి వచ్చిందో అడిగి నోటుబుక్కులో రాయండి. గోర్‌బోలీ పేరు, ఎరుకల పేరు, తెలుగు పేరు మూడూ రాయండి. రెండు, బెంగళూరు వలస పోయే ఇంటివాళ్ళ ఇత్తనాలు వాళ్ళు తిరిగొచ్చేదాకా పక్కింటివాళ్ళ దగ్గర దాపించండి. తాళం పడిన ఇంట్లో దొడ్డి ఎండిపోవచ్చు, ఇత్తనం ఎండాల్సిన పని లేదు. మూడు, గ్రామసభలో ఇళ్ళ స్థలాల మాట వస్తే లేచి నిలబడి దొడ్డి చోటు ఎంత అని అడగండి.

ఎద్దుల మీద దేశానికంతా గింజ మోసినవాళ్ళం. మన ఇంటెనక నాలుగు గింజలు వేసుకోవడానికి చోటు అడగడం తప్పు కాదు.