దిగిపోయిన ముల్లు

లైట్లు వేస్తే ఇంజను కాగిపోతోంది. ఆర్పితే చల్లబడుతోంది. ఫోర్ నాట్ సెవెన్ వ్యాను డ్రైవరు ఈ మాట చెప్పినప్పుడు ఏలూరులో ఇద్దరు మెకానిక్కులు నవ్వకుండా బోనెట్ ఎత్తి పని మొదలుపెట్టారు. నవ్వి ఊరుకుని ఉంటే యజమానికి బోలెడు డబ్బు మిగిలేది.

కొల్లేటి రోడ్ల మీద పాత బళ్లు తోలేవాళ్లకు తెలిసిన సంగతులన్నీ ఒకే బండికి ఎక్కించి చెబుతున్న గాథ ఇది. మనుషుల పేర్లు కావాలనే వదిలేశాం.

407 బండి మన రోడ్ల మీదికి వచ్చింది 1986లో. ఇది ఆ తర్వాతి దశాబ్దంలో కొన్నది. చేతులు మారి మారి చివరికి చేపల బండి అయింది. పొద్దు వాలేవేళ కైకలూరు వైపు చెరువు గట్ల మీద శీలావతి, బొచ్చె లోడు. ఐసు కొట్టి, ట్రేలు పేర్చి, చిన్నఎడ్లగాడి మీదుగా కొల్లేరు దాటి ఏలూరు చేరాలి. అక్కడ హైవే ఎక్కి దెందులూరు, భీమడోలు, పుళ్ల, కైకరం దాటుకుంటూ తాడేపల్లిగూడెం. పగటిపూట ముల్లు బుద్ధిగా మధ్యలో నిలబడేది. చీకటి పడి హెడ్‌లైట్లు వేశాడో లేదో, టెంపరేచరు ముల్లు ఎర్రగీత దగ్గరికి లేచి కూర్చునేది.

మొదటిరోజు డ్రైవరు భయపడి భీమడోలు దగ్గర బండి పక్కకు తీశాడు. చాలాసేపు ఆగి, మూత మీద తడిగుడ్డ వేసి మెల్లగా తిప్పాడు. ఆవిరి లేదు, పొంగు లేదు. నీళ్లు నిండుగా ఉన్నాయి. అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. చేపల లోడు వెనక కరుగుతుంటే ఎవరికైనా ముల్లు మీదే నమ్మకం, కంటి మీద కాదు.

ఏలూరులో ముందు రేడియేటరు విప్పి కడిగించారు. తగ్గలేదు. థర్మోస్టాట్ వాల్వు పీకి పారేశారు. మన షెడ్లలో ఇదో పాడలవాటు. బండి హీటంటే చాలు, వాల్వు తీసెయ్యడమే. నీళ్లు 80 డిగ్రీల చిల్లరకు వచ్చేదాకా దారి మూసి ఇంజన్ను తొందరగా వేడెక్కించడం దాని పని. అది లేని ఇంజను సరిగ్గా కాగక డీజిలు తాగుతుంది, పొగ కక్కుతుంది. ఈ బండికీ అదే జరిగింది, ముల్లు మాత్రం దిగలేదు. తర్వాత కొత్త సెన్సరు వేశారు. ఆ తర్వాత కొత్త మీటరు. కొత్త మీటరు కూడా పాతదాని దారినే లైట్లు వెయ్యగానే పైకి లేచింది.

ఆఖరికి గూడెంలో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన బండి వైపు కూడా చూడలేదు. స్టూలు మీద కూర్చునే అడిగాడు.

"లైట్లేసినప్పుడు డీజిల్ ముల్లు ఎటు పోతందయ్యా?"

డ్రైవరు ఎప్పుడూ గమనించలేదు. క్లీనరు కుర్రాడు అందుకున్నాడు. "అదీ పైకే లేత్తాదండి. పావు ట్యాంకుంటే సగం దాటి చూపిత్తాది."

"లైట్లేత్తే డీజిల్ పెరిగే బండి నీ దగ్గరుంటే నాకు అమ్మెయ్యరా అబ్బాయ్. బంకు పెట్టుకుని బతికేత్తాను."

రోగం అప్పుడే దొరికింది, మిగిలినదంతా రుజువు కోసం. ఇంజనులోనూ రేడియేటరులోనూ కలిపి అన్ని లీటర్ల నీళ్లు స్విచ్ నొక్కగానే కాగవు, ఆర్పగానే చల్లారవు. వేడి మెల్లగా ఎక్కుతుంది, మెల్లగా దిగుతుంది. ఒక్క క్షణంలో గెంతే ముల్లును గెంతించేది కరెంటే. పైగా రెండు ముళ్లూ కలిసి లేచాయంటే తప్పు ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్న చోటే ఉండాలి.

అయినా మేస్త్రీ వరస తప్పలేదు. సెన్సరు నుంచి వైరు ఊడబీకాడు, ముల్లు పూర్తిగా కిందికి పడింది. ఆ వైరు కొస ఇంజను ఇనుముకు ఒక్క రెప్పపాటు ఆనించాడు, ముల్లు ఆ చివరికి పోయింది. "ఎక్కువసేపు ఆనిత్తే మీటరు కాలిపోద్ది" అని వెంటనే తీసేశాడు. వైరు బాగుంది, మీటరు బాగుంది. పారెయ్యకుండా డ్రైవరు దాచుకున్న పాత సెన్సరును పక్క టీకొట్టు నుంచి తెప్పించిన మరుగునీళ్ల గ్లాసులో ముంచి మల్టీమీటరు పెట్టాడు. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్సు పడిపోతోంది. పడిపోవాలి కూడా. వెండి సల్ఫైడుకు ఈ గుణం ఉందని మైకేల్ ఫారడే 1833లోనే గమనించాడు, సెన్సరు లోపలి బిళ్ల చేసే పని అదే. అంటే ఏలూరులో తీసేసిన సెన్సరు శుభ్రంగా పనిచేస్తున్నదే.

తర్వాత బ్యాటరీ నెగెటివ్ నుంచి ఒక విడి వైరు లాగి డ్యాష్‌బోర్డు వెనక మీటర్ల ఎర్తుకు కలిపాడు. "ఇప్పుడు లైట్లెయ్యి." ముల్లు కదల్లేదు. వైరు తీశాడు, లేచింది. పెట్టాడు, దిగింది. డ్యాష్‌బోర్డు కిందికి దూరి, బాడీకి బిగించిన నల్ల ఎర్తు వైరు బోల్టు విప్పి బయటికి తీస్తే, కొస నిండా పచ్చటి చిలుం. లైట్ల కరెంటు తిరిగివెళ్లే దారి ఇరుకైపోయి, ఆ ఒత్తిడి మీటర్ల మీద పడుతోంది.

చిలుం పట్టక ఏం చేస్తుంది? ఎండాకాలం ఉప్పుటేరు మీదుగా సముద్రపు ఉప్పు కొల్లేటి దాకా ఎగదన్నుతుంది. రోజూ ట్రేల నుంచి కారే ఐసునీళ్లు. నీచువాసన పోవాలని క్లీనరు క్యాబిన్లో బకెట్లతో గుమ్మరించే నీళ్లు సరేసరి. ఈ ప్రాంతంలో బళ్ల వైరింగు ఇంజను కంటే ముందే ముసలిదవుతుంది.

ఉప్పుకాగితంతో గీకి, గ్రీజు రాసి బిగించాడు. కొత్త వాల్వు తెప్పించి వేశాడు. చీకటి పడ్డాక, రెండో ప్రపంచ యుద్ధం నాడు గూడెంలో వేసిన విమానాల రన్‌వే వైపు ట్రయలుకు తీసుకెళ్లి, లైట్లు, హారను, వైపరు అన్నీ ఒకేసారి వేయించి చూశాడు. ముల్లు నడిమిన నిలబడింది. దిగేటప్పుడు మాత్రం డ్రైవరుతో ఒక మాటన్నాడు. "ముల్లు ఎక్కితే నాకు ఫోను చెయ్యి. ఎక్కి, దానంతటదే దిగిందనుకో, ఫోను తర్వాత. ముందు ఇంజను ఆపు."

డ్రైవరు తలూపాడు గానీ అర్థం కాలేదు.

ఎండలు ముదిరాక ఒక రాత్రి అర్థమైంది. బండి లోడుతో కొల్లేరు మీదుంది. ఇటూ అటూ కిక్కిస దుబ్బులు, దూరంగా ఎవరిదో చెరువు కాపలా దీపం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నీళ్లు ఎక్కి రాకపోకలు ఆగిన రోడ్డు ఇదే. ఆ రాత్రి మాత్రం పొడిగా, ఖాళీగా ఉంది. ముల్లు మధ్యగీత దాటి మెల్లగా ఎక్కడం డ్రైవరు చూశాడు. లైట్లు అప్పటికి చాలాసేపటి నుంచే వెలుగుతున్నాయి, కాబట్టి ఇది పాత రోగం కాదు. ఎక్కడ ఆపాలా అని చూస్తుండగానే ముల్లు వెనక్కి తిరిగింది. మధ్యగీత దాటి ఇంకా కిందికి దిగింది.

"బాబాయ్, తగ్గిపోయింది. గాలి తగిలినట్టుంది" అన్నాడు క్లీనరు.

డ్రైవరు అక్కడికక్కడే ఇంజను ఆపేశాడు. దిగి టార్చి వేస్తే కింద హోసు క్లాంపు వదులై, వచ్చిన దారి పొడుగునా తడి. నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయి. సెన్సరు కొస నీళ్లలో మునిగి ఉన్నంతసేపే నిజం చెబుతుంది. నీటిమట్టం దాని కిందికి పోతే చుట్టూ మిగిలేది గాలీ ఆవిరీ, అవి నీళ్లలా వేడిని అందించలేవు. అందుకే హెడ్డు కాలిపోతున్నా ముల్లు చల్లగా ఉందని చూపిస్తుంది. వైరు తెగినా ముల్లు పడుతుంది, కానీ టక్కున పడుతుంది. ముందు ఎక్కి, నిదానంగా దిగితే నీళ్లు పోయినట్టే. ఇంకో నాలుగు కిలోమీటర్లు తోలి ఉంటే హెడ్డు వంకరపోయి గ్యాస్కెట్ ఎగిరేది.

క్లీనరు మూత తియ్యబోయాడు. డ్రైవరు చెయ్యి పట్టి లాగాడు. ఆ మూత ఒత్తిడి కింద నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. వదులు చేసిన క్షణంలో ఉన్న కాసినీ ఆవిరై మొహం మీదికి తన్నుతాయి. ఇంజను మీద చెయ్యి ఆనేదాకా ఆగారు. ఈలోగా సైకిలు ట్యూబు ముక్క చుట్టి హోసు బిగించి కట్టారు. తాగే నీళ్ల డబ్బా ఒంపితే సగానికి కూడా చాల్లేదు. కుర్రాడు కొల్లేటి నీళ్లు బకెట్టుతో తెచ్చాడు. డ్రైవరు నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు.

"ఉప్పు బాబాయ్?"

"ఉప్పే. పొయ్యి. రేపు కడిగిద్దాం."

గూడెం చేరేసరికి తెల్లారిపోయింది, ఐసు సగం కరిగింది, లోడు ధర తెగ్గోశారు. మేస్త్రీ ఉప్పునీళ్లు వంచేసి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, హోసూ క్లాంపూ మార్చి కూలెంటు పోశాడు. యజమాని మాత్రం మీటరు మళ్లీ మార్చాల్సిందేనని పట్టుబట్టాడు. రెండుసార్లు అబద్ధం చెప్పిన మీటరు తన బండిలో ఉండకూడదట.

"మొదటిసారి ఎర్తు చెప్పించింది, రెండోసారి నీళ్లు లేక చెప్పింది. మధ్యలో మీటరేం చేసిందండి?" అన్నాడు మేస్త్రీ, బిల్లులో క్లాంపు, హోసు, కూలెంటు మాత్రమే రాస్తూ.