గడ్డిబుట్ట నుండి చట్రాల పెట్టెకు: తేనెటీగల గుంపు విభజన – చారిత్రక పరిశీలన

ఐరోపా గ్రామాలలో పెరటి తేనెటీగల పెంపకం శతాబ్దాల తరబడి ఎక్కువగా గడ్డితో అల్లిన బుట్టలలో సాగింది. పట్టు బుట్ట గోడలకే అంటుకొని ఉండేది గనుక దానిని కోయకుండా తేనె తీయడం సాధ్యం కాదు. వేసవి చివర పెంపకందారు బుట్టలను ఎత్తి బరువు చూసేవాడు. బాగా బరువైనవాటిని తేనె కోసం, మరీ తేలికైనవి ఎలాగూ చలికాలం దాటలేవన్న లెక్కతో, గంధకపు పొగ పెట్టి చంపేవారు. నడిమి బరువున్నవే మరుసటి వసంతానికి మిగిలేవి.

ఈ నష్టాన్ని పూడ్చినది ఈగల సహజ స్వభావమే. వసంతం ముదిరే వేళకు పాత రాణి పెద్ద గుంపును వెంటబెట్టుకొని లేచిపోతుంది. ఆ గుంపును కొత్త బుట్టలోకి దింపుకునేవారు. పళ్లాలు మోగిస్తూ దాని వెంట పరుగెత్తే ఆచారమూ ఉండేది. ఆ చప్పుడును ఈగలు లక్ష్యపెట్టాయో లేదో గాని, గుంపు ఎవరిదో ఇరుగుపొరుగుకు తెలిసేది. అయితే ఆలస్యంగా లేచిన గుంపుకు తేనె కూడబెట్టుకునే వ్యవధి ఉండదు. చలికాలంలో ఈగలు నిద్రపోవు. ఒకదానినొకటి హత్తుకొని, నిల్వ తేనె తింటూ వెచ్చదనాన్ని కాపాడుకుంటాయి. తేనె అయిపోతే గుంపంతా చస్తుంది.

గుంపు లేచేదాకా వేచి ఉండనక్కరలేదన్న గ్రహింపు 18వ శతాబ్దంలో లుసాటియాకు చెందిన మతాచార్యుడు ఆడమ్ గాట్లొబ్ షిరాఖ్‌ ప్రయోగాలతో బలపడింది. కూలి ఈగ కాగల లేత పురుగునే, రాణి లేని ఈగలు పెద్ద అర కట్టి మేపి రాణిగా మార్చుకోగలవని ఆయన ప్రకటించాడు. ఈ మాటను ప్రకృతి శాస్త్రజ్ఞుడు షార్ల్ బొనే తొలుత నమ్మలేదు. అంధుడైన ఫ్రాన్స్వా ఊబెర్ తన సహాయకుడు బ్యూర్నాన్స్ కళ్లతో దానిని నిర్ధారించి, 1792లో తన పరిశీలనలను ప్రచురించాడు. లేత పురుగులున్న పట్టును, కొన్ని ఈగలను వేరు చేస్తే ఒక గుంపు రెండవుతుందన్నది దీని ఆచరణ ఫలితం.

బుట్టలో ఆ పని కష్టం. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ గుర్తించిన సుమారు అంగుళంలో మూడెనిమిదో వంతు సందు ఈ చిక్కును విప్పింది. అంతకు తక్కువైతే ఈగలు బంకతో పూడుస్తాయి, ఎక్కువైతే పట్టు కడతాయి. ఆ కొలతతో అమర్చిన చట్రాలు సులువుగా పైకి వస్తాయి. 1852లో ఆయనకు పేటెంటు లభించింది. దాని వల్ల ఆయనకు కలిగిన లాభం మాత్రం స్వల్పం.

ఈగలను చంపే పద్ధతి అంతరించడానికి పెట్టె ఒక్కటే కారణమనడం సరికాదు. షిరాఖ్ చూపిన జీవరహస్యం లేకుంటే చట్రాలు తేనె తీసే సౌకర్యంగానే మిగిలేవి. పైగా విభజన సులభమైన కొద్దీ అత్యాశా పెరిగింది: ఒకే వేసవిలో ఒక గుంపును పలుమార్లు చీల్చినవారికి శరత్తు నాటికి బలహీనమైన పెట్టెలే మిగిలేవి. గుంపుల సంఖ్యకన్నా వాటి బలం ముఖ్యమని లాంగ్‌స్ట్రాత్ తన గ్రంథంలో నొక్కి చెప్పవలసి వచ్చింది. బుట్టల కాలంలో తేలిక గుంపును గంధకం చంపేది. పెట్టెల కాలంలో ఆ పని చలికే మిగిలింది.